మరల కంపైలు చేసినంత మాత్రాన

మన కళాశాల వార్షిక సంచికను ఒకసారి చేతపట్టిన వారికెవరికైనా తెలిసిన విషయమే ఇది. తెలుగు విభాగం ఎడమ అట్టనుండి, ఉర్దూ విభాగం కుడి అట్టనుండి మొదలై రెండూ నడుమ ఎక్కడో కలుసుకుంటాయి. అచ్చుకు పోయే ముందురోజు ఎవరో పెద్దల సందేశం ఆలస్యంగా వచ్చి మొదటి పుటలలో చేరిందనుకుందాం. వెనుకనున్న వ్యాసాలన్నీ ఒక్కొక్క పుట జరుగుతాయి. వ్యాసాలలో అక్షరం మారలేదు, వ్రాసిన వారి తప్పు లేదు. అయినా విషయసూచిక అబద్ధమాడుతుంది. కవిత కోసం 42వ పుట తెరచిన పాఠకునికి అక్కడ క్రీడా విభాగపు నివేదిక దర్శనమిస్తుంది. ఈ చిన్న చిక్కునే కంప్యూటరులోని డేటాబేసులు ప్రతినిత్యం ఎదుర్కొంటాయి. దానికి అవి కనుగొన్న ఉపాయం గురించీ, ఆ ఉపాయంపై మనవారు పెట్టుకున్న అతివిశ్వాసం గురించీ విద్యార్థులకూ, కళాశాల కమిటీవారికీ నాలుగు మాటలు మనవి చేయదలచుకున్నాము. మేము ఈ కళాశాల పూర్వవిద్యార్థులము. చదువు ముగిసిన తరువాత మా జీవనోపాధి డేటాబేసుల సంరక్షణలోనే సాగింది.

సమాచారాన్ని పట్టికలుగా అమర్చి, ఒక పట్టికకు మరొక పట్టికతో గల సంబంధాన్ని గణితశాస్త్ర సూత్రాలతో నిర్వహించవచ్చునని ఐ.బి.ఎం. సంస్థ పరిశోధకుడు ఇ.ఎఫ్. కాడ్ 1970లో ప్రతిపాదించాడు. యంత్రం లోపల సమాచారం ఏ తీరున పేర్చబడినదో వాడుకొనే వానికి తెలియనక్కరలేకుండా ఉండాలన్నది ఆయన ఆశయం. అటువంటి డేటాబేసును ఒరాకిల్ అనే పేరుతో 1979లో విపణిలోకి తెచ్చారు. 1992లో వచ్చిన దాని ఏడవ కూర్పుతో మరొక మార్పు జరిగింది. అంతవరకు ప్రోగ్రాములు బయట ఉండి పట్టికలను పలుకరించేవి. ఇప్పుడు ప్రోగ్రాములను కూడా డేటాబేసులోనే, పట్టికల ప్రక్కనే నిలువ చేసే సదుపాయం కలిగింది. పి.ఎల్.ఎస్.క్యూ.ఎల్. అనే ఆ భాష అనేక విషయాలలో ఏడా భాషను అనుసరించినది. ఒక పనికి సంబంధించిన ప్రోగ్రాములన్నింటినీ ఒక మూటగా కట్టి 'ప్యాకేజీ' అనడం అక్కడినుండి వచ్చినదే.

ప్యాకేజీకి రెండు భాగాలుంటాయి. ఒకటి స్పెసిఫికేషన్, రెండవది బాడీ. మన కళాశాల ఎదుటి హోటలును తలచుకుంటే ఈ భేదం సులభంగా బోధపడుతుంది. గోడమీద వ్రాసిన పదార్థాల పట్టిక, ధరలు స్పెసిఫికేషన్ వంటివి. లోపలి వంటశాల బాడీ వంటిది. వంటవాడు మారినా, పొయ్యి మారినా గోడమీది పట్టిక మారనంత కాలం గిరాకీవారికి ఏ ఇబ్బందీ లేదు. పట్టికయే మారితే ప్రతివాడూ దానిని మరల చదువుకోవలసిందే. అటులనే ప్యాకేజీ బాడీని మార్చి కంపైలు చేస్తే దానిని పిలిచే ఇతర ప్రోగ్రాములు చెక్కుచెదరవు. స్పెసిఫికేషన్ మారితే మాత్రం దానిపై ఆధారపడినవి, వాటిపై ఆధారపడినవి, ఇలా గొలుసుగా 'ఇన్‌వాలిడ్' అనే ముద్ర పడుతుంది. ఇన్‌వాలిడ్ అంటే చెడిపోయినదని అర్థం కాదు. 'నేను కంపైలైన నాటి ప్రపంచం వేరు, నేటి ప్రపంచం వేరు. నన్ను మరల పరిశీలించండి' అని ఆ ప్యాకేజీ పెట్టుకున్న విన్నపం మాత్రమే అది.

పట్టిక మారినప్పుడూ ఇదే జరుగుతుంది. ఏ ప్యాకేజీ ఏ పట్టికను వాడుకుంటున్నదో డేటాబేసు తన స్వంత చిట్టాలో వ్రాసిపెట్టుకుంటుంది. ఈ చిట్టాను 'యూజర్ డిపెండెన్సీస్' అనే పేరుతో ఎవరైనా చదువుకోవచ్చును. పూర్వం పట్టికలో ఒక కొత్త కాలమ్ చేర్చినా దానిని వాడుకొనే ప్యాకేజీలన్నీ ఇన్‌వాలిడ్ అయ్యేవి. 2007 నాటి పదకొండవ కూర్పునుండి ఈ చిట్టా సూక్ష్మమైంది. ప్యాకేజీ ఏ కాలమ్‌ను తాకుతున్నదో కూడా లెక్కలోకి వచ్చింది గనుక, తాకని కాలమ్ చేరినంత మాత్రాన ఇప్పుడు ముద్ర పడదు. ముద్ర పడిన ప్యాకేజీని ఎవరైనా పిలిస్తే డేటాబేసు దానిని అప్పటికప్పుడు తానే కంపైలు చేసుకొని పని సాగిస్తుంది. మనమే ముందుగా చేయదలిస్తే 'ఆల్టర్ ప్యాకేజ్' అని ప్యాకేజీ పేరు చెప్పి 'కంపైల్' అంటే చాలును. వందలకొలది ప్యాకేజీలు ఉన్నచోట ఒరాకిల్ వారే ఇచ్చిన 'యుటిఎల్ఆర్‌పి' అనే స్క్రిప్టు దేని తరువాత దేనిని కంపైలు చేయాలో చూసుకుంటూ అన్నింటినీ ముగిస్తుంది. ఇంతవరకూ అంతా ప్రశంసనీయమే.

ఇక మా అనుభవం. దీనిని చెప్పుకోవడం మాకు గౌరవప్రదం కాదు గాని, చెప్పక తప్పదు.

కొన్నేండ్ల క్రితం మేము పనిచేసిన ఒక కార్యాలయంలో విద్యార్థుల ఉపకార వేతనాల జాబితాలు తయారయ్యేవి. విద్యార్థి పేరుకు కేటాయించిన కాలమ్ వెడల్పు 30. పేర్లు ఆంగ్లాక్షరాలలో నమోదయ్యేవి. మన ఇళ్లలోని పేర్ల సంగతి పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. సయ్యద్‌తో మొదలై తండ్రి పేరుతో ముగిసే పేర్లున్నాయి. ఇంటిపేరును పూర్తిగా విప్పి వ్రాస్తే సగం వరుస నిండే పేర్లున్నాయి. అవి 30 అక్షరాలలో ఇమిడేవి కావు. గుమాస్తాలు చివర కత్తిరించి నమోదు చేసేవారు. కత్తిరించిన పేరు బ్యాంకు పుస్తకంలోని పేరుతో సరిపోక సొమ్ము తిరిగి వచ్చేది. పిల్లలు తిరిగి తిరిగి అలసిపోయేవారు. ఆ కాలమ్‌ను 100కు పెంచవలెనని నిర్ణయమైంది. పెంచినవారము మేమే.

ఒక శనివారం సాయంకాలం పట్టికను మార్చాము. అనుకున్నట్లే కొన్ని ప్యాకేజీలు ఇన్‌వాలిడ్ అయ్యాయి. స్క్రిప్టు నడిపాము. కొద్ది నిమిషాలలో అన్నీ వాలిడ్ అయినట్లు తేలింది. ఇన్‌వాలిడ్‌గా మిగిలినవి ఎన్ని అని అడిగితే సున్న అని జవాబు. ఆ సున్నను చూచి తృప్తిపడి ఇంటికి పోయాము. తరువాతి వారం గుమాస్తాలు పొడుగు పేర్లను పూర్తిగా, బ్యాంకు పుస్తకంలో ఉన్నట్లే దిద్దారు. నెలాఖరున జాబితా వెలువడింది. యంత్రం ఏ తప్పునూ చూపలేదు.

కొన్నాళ్లకు ఒక పెద్దమనిషి తన కుమార్తె దరఖాస్తు రసీదును పట్టుకొని మా బల్లవద్దకు వచ్చాడు. 'పోయినసారి పేరు తప్పుపడి డబ్బు వెనక్కి పోయింది సార్, ఈసారి పేరు సరిగా వ్రాశారని సంతోషించాము, ఇప్పుడు అసలు జాబితాలోనే అమ్మాయి పేరు లేదు' అన్నాడు. మేము మొదట నమ్మలేదు. వెతికి చూస్తే జాబితాలో చేరవలసి ఉండి చేరని వారందరి పేర్లూ 30 అక్షరాలు దాటినవే.

జరిగినది ఇది. పట్టికలోని కాలమ్‌ను 100కు పెంచాము గాని, ప్యాకేజీ లోపల పేరును తాత్కాలికంగా పట్టి ఉంచే పాత్ర వెడల్పు 30గానే మిగిలింది. ఎవరో పూర్వికుడు ఆ అంకెను చేతితో వ్రాసిపెట్టాడు. కంపైలరు దృష్టిలో అది తప్పు కాదు. వంద అక్షరాల కాలమ్‌నుండి ముప్పది అక్షరాల పాత్రలోనికి పోయమనడం వ్యాకరణరీత్యా నిర్దుష్టమైన వాక్యమే. పొంగిపొర్లేది పోసినప్పుడు మాత్రమే. పోసినప్పుడు 'ఓఆర్ఏ 06502' అనే దోషం లేచింది కూడా. అయితే ఆ పూర్వికుడే, ఏ దోషం వచ్చినా పట్టించుకోక తరువాతి విద్యార్థి దగ్గరకు పొమ్మని మరొక వాక్యం వ్రాసి ఉన్నాడు. 'వెన్ అదర్స్ దెన్ నల్' అనే ఆ నాలుగు మాటలను ఈ వృత్తిలో ఉన్నవారు ఎరుగుదురు. ఇంటికి నిప్పంటుకుంటే గంట మ్రోగకుండా తీగను కత్తిరించడం వంటిది అది. ఆ విధంగా, ఎవరి కోసమైతే కాలమ్ వెడల్పు చేశామో సరిగ్గా వారే జాబితానుండి తొలగిపోయారు.

ఆ పాత్ర వెడల్పును అంకెగా కాక, 'పట్టికలోని ఫలానా కాలమ్ ఎంతో అంత' అని వ్రాసే పద్ధతి ఆ భాషలో ఉన్నది. దానిని శాతం గుర్తు పెట్టి టైప్ అంటారు. అలా వ్రాసి ఉంటే శనివారం నాటి కంపైలు నిజముగానే మరమ్మత్తు అయ్యేది. కొత్త వెడల్పు తనంతట తానే లోపలికి ప్రవహించేది. కావున మరల కంపైలు చేయడం నిరర్థకమని మేము అనడం లేదు. ప్రోగ్రాము వ్రాసినవాడు పట్టికతో సంబంధాన్ని నిజాయితీగా ప్రకటించి ఉంటే అది గొప్ప సాధనం. ప్రకటించక దాచి ఉంటే అది దాచినదానిపై మరొక ముద్ర వేయడమే అవుతుంది. వాలిడ్ అనే మాటకు అర్థం పేర్లు దొరికినవి, వ్యాకరణం కుదిరినది అని మాత్రమే. ఫలితం న్యాయమైనదని కాదు. నోరు మూసే ఆ నాలుగు మాటలు ఎక్కడున్నవో చూపమని అడిగితే పదకొండవ కూర్పునుండి కంపైలరే హెచ్చరిస్తుంది. అయితే ఆ హెచ్చరికలను మనం కోరి తెరవాలి. మామూలుగా అవి మూసి ఉంటాయి. ఆ కార్యాలయంలోనూ మూసియే ఉండినవి.

అంకెల సంగతి వచ్చింది కనుక మన రెండు భాషలకు సంబంధించిన మరొక ముచ్చట. డేటాబేసులో 30 అంటే 30 అక్షరాలని కాదు. ప్రత్యేకించి చెప్పకపోతే 30 బైట్లని అర్థం. ఆంగ్లాక్షరానికి ఒక బైటు చాలును. నేడు సర్వత్రా వాడుకలోనున్న యు.టి.ఎఫ్. 8 పద్ధతిలో ఉర్దూ అక్షరానికి రెండు బైట్లు, తెలుగులో ప్రతి గుర్తుకూ మూడు బైట్లు కావాలి. గుణింతాలు, పొల్లు, సున్న అన్నీ వేరువేరు గుర్తులే. అబ్దుర్రహ్మాన్ అనే పేరును ఉర్దూలో మామూలుగా వ్రాస్తే తొమ్మిది అక్షరాలు, 18 బైట్లు, హాయిగా ఇముడుతుంది. లక్ష్మీనరసింహం అని తెలుగులో వ్రాస్తే కంటికి ఆరు అక్షరాలే గాని లోపల 14 గుర్తులు, అనగా 42 బైట్లు. ఇంటిపేరు చేర్చకముందే ముప్పది దాటిపోయింది. ఇందువలన లెక్కను బైట్లలో కాక అక్షరాలలో చేయమని ఒక అమరికతో చెప్పే వీలు కల్పించారు.

ఆ అమరికను ప్యాకేజీ తాను కంపైలైననాడు ఎలా ఉన్నదో అలాగే జ్ఞాపకం పెట్టుకుంటుంది. డేటాబేసు తానై మరల కంపైలు చేసినప్పుడు ఆ పాత అమరికనే పాటిస్తుంది. మనం చేతితో 'కంపైల్' అన్నప్పుడు మాత్రం, 'రీయూజ్ సెట్టింగ్స్' అనే రెండు మాటలు చేర్చకపోతే, ఆ క్షణాన మన సెషన్‌లో ఏ అమరిక ఉంటే దానిని ప్యాకేజీకి అంటగడుతుంది. నిన్న అక్షరాలలో లెక్కపెట్టిన ప్యాకేజీ, ప్రోగ్రాములో ఒక్క అక్షరం మారకుండానే, ఈనాడు బైట్లలో లెక్కపెట్టవచ్చును. ఎవరి బల్లనుండి కంపైలు చేశారన్నదానిపై ఒక తెలుగు పేరు బ్రతుకు ఆధారపడుతుందన్నమాట. మరల కంపైలు చేయడం హానిలేని పని అని చెప్పేవారు ఈ ఒక్క సంగతి ఆలోచించవలెను.

పగటివేళ, జనం పనిచేస్తుండగా కంపైలు చేయరాదనేది మరొక నియమం. ఒకరు వాడుతున్న ప్యాకేజీని మరొకరు కంపైలు చేయబోతే, వాడేవాని పని ముగిసేవరకు కంపైలు నిలిచిపోతుంది. దాని వెనుక ఆ ప్యాకేజీ కోసం వచ్చిన వారందరూ వరుసలో నిలుస్తారు. కంపైలు ముగిసిన తరువాత, ఉదయంనుండి తెరచి ఉన్న సెషన్లలో ప్యాకేజీ జ్ఞాపకం ఉంచుకున్న విలువలు చెరిగిపోయి 'ఓఆర్ఏ 04068' అనే దోషం కనబడుతుంది. విచిత్రమేమనగా అదే మీటను రెండవసారి నొక్కితే పని జరుగుతుంది. గుమాస్తా 'ఏదో దయ్యం వచ్చి పోయింది' అనుకుంటాడు. మేము ఎరిగిన ఒక గుమాస్తా ఆ దయ్యం కోసం ప్రతి మీటనూ రెండుసార్లు నొక్కడం అలవాటు చేసుకున్నాడు. పదకొండవ కూర్పు రెండవ విడుదలతో, పాత ప్యాకేజీని కొందరు వాడుతుండగానే కొత్తదానిని ప్రక్కన సిద్ధం చేసుకొనే 'ఎడిషన్' పద్ధతి వచ్చింది గాని, దానికి ముందుచూపు కావాలి, శ్రమ కావాలి.

ఇతర డేటాబేసుల విషయం ఎక్కువ వ్రాయము. ఉచితంగా దొరికే పోస్ట్‌గ్రెస్ తన స్వంత ప్రోగ్రాముల భాషలో వ్రాసిన ఫంక్షను లోపల ఏ పట్టిక పేరున్నదో సాధారణంగా చిట్టా వ్రాసుకోదు. పట్టికను మార్చినా ఎవరికీ ఏ ముద్రా పడదు. పిలిచిననాడే తప్పు బయటపడుతుంది. ఒరాకిల్ ముద్రలు వేసి విసిగిస్తుందని సణిగేవారు ఈ నిశ్శబ్దంకంటే ఆ విసుగే మేలని గ్రహించాలి.

ఇప్పుడు మన ప్రయోగశాల సంగతి. మన విద్యార్థులు ఏటేటా శుభ్రమైన, ఖాళీ డేటాబేసుతో చదువు మొదలుపెడతారు. ఉద్యోగి, శాఖ, జీతం అనే రెండు మూడు పట్టికలు సృష్టిస్తారు. ఒక ప్యాకేజీ వ్రాస్తారు. అది కంపైలైతే రికార్డు పుస్తకంలో సంతకం పడుతుంది. వేసవి సెలవులలో అంతా తుడిచివేయబడుతుంది. వచ్చే ఏడు మరొక తరగతి మరల ఖాళీ పలకతో మొదలుపెడుతుంది. ఇక్కడ చదివినవారు హైదరాబాదులోనూ, బెంగుళూరులోనూ, గల్ఫు దేశాలలోనూ, అమెరికాలోనూ డేటాబేసు ఉద్యోగాలలో ప్రవేశిస్తున్నారు. వారిలో ఖాళీ డేటాబేసు అప్పగింపబడేది ఎందరికి? ఎవరో వ్రాసి వదలిపోయిన ప్యాకేజీలు, ఎవరికీ అర్థం తెలియని కాలమ్‌లు, ఆ ముప్పది అంకెలు, నోరు నొక్కే ఆ నాలుగు మాటలు వారికి మొదటి రోజునే ఎదురవుతాయి. ఇతరుల ప్రోగ్రామును చదవడం మనం నేర్పలేదు. మారిస్తే ఎవరికి నొప్పి తగులుతుందో ముందుగా విచారించడం నేర్పలేదు. మాకూ నేర్పలేదు. దాని మూల్యం మేము చెల్లించలేదు, ఆ పెద్దమనిషి కుమార్తె చెల్లించింది. తరువాత ఆమె పేరు జాబితాలో చేర్చినప్పటికి ఆ సంవత్సరపు ఫీజు గడువు దాటిపోయింది.

కావున కమిటీవారికి మా ప్రతిపాదన ఇది. ప్రయోగశాలలో ఒక్క డేటాబేసును తుడవకుండా ఉంచండి. ఒక తరగతి వ్రాసినదానిని తరువాతి తరగతికి వారసత్వంగా అప్పగించండి. మొదటి ఏడు విద్యార్థులు గ్రంథాలయపు పట్టికలు, వాటి ప్యాకేజీలు వ్రాస్తారు. రెండవ ఏటివారు వాటిలో ఉర్దూ, తెలుగు పుస్తకాల పేర్లను ఆయా లిపులలోనే చేర్చవలసి వస్తుంది. కాలమ్‌లు వెడల్పు చేయవలసి వస్తుంది. ప్యాకేజీలు ఇన్‌వాలిడ్ అవుతాయి. మార్చే ముందు చిట్టా చదివి ఏవేవి ఇన్‌వాలిడ్ కాగలవో కాగితంపై వ్రాసి ఇచ్చిన తరువాతనే మార్పుకు అనుమతి. మార్చిన తరువాత వాలిడ్ అని చూపితే చాలదు. అతి పొడుగైన పేరుతో, ఖాళీ పేరుతో, రెండు లిపుల పేర్లతో నడిపి చూపాలి. మూడవ ఏటివారు మొదటి ఏటివారిని తిట్టుకుంటూ వారి ప్రోగ్రామును చదువుతారు. ఆ తిట్లు కూడా చదువులో భాగమే.

దీనికి కొన్ని ఆక్షేపణలు ఇదివరకే మా చెవిన పడ్డాయి. పాఠ్యప్రణాళికలో ఇది లేదు గదా అన్నారు. లేదు, నిజమే, కాని ప్రాజెక్టు పేరుతో కేటాయించిన గంటలు ఉన్నాయి, ఆ గంటలలో బజారులో దొరికే ప్రాజెక్టులు అట్ట మార్చుకొని రావడం అందరూ ఎరిగినదే. ఖర్చు మాటేమిటన్నారు. ఒరాకిల్ వారు ఉచితంగా ఇచ్చే సంచికలో 12 గిగాబైట్ల వరకు సమాచారం దాచుకోవచ్చును. మన గ్రంథాలయపు పుస్తకాల పట్టీ అంతా చేర్చినా అందులో ఒక మూలకు చాలదు. ఒక తరగతి చేసిన పాడును మరొక తరగతి ఎందుకు మోయాలని ఒక అధ్యాపక మిత్రులు అడిగారు. వారి మాటలో న్యాయం లేకపోలేదు. పూర్తిగా పాడైపోయిన దానిని అప్పగించడం క్రూరత్వమే. అందుకు ప్రతి ఏటి చివరా ఒక నకలు తీసి దాచి, మరీ దారి తప్పితే ఆ నకలుకు మరలిపోయే వీలు ఉంచాలి. విద్యార్థుల స్వంత పేర్లు, మార్కులు, ఫోను సంఖ్యలు మాత్రం ఆ డేటాబేసులోకి రానీయరాదు. పుస్తకాలు చాలును.

ప్రయోగశాల వెనుక వరుసలో, కిటికీ ప్రక్కన, ఎవరూ కూర్చోని యంత్రమొకటి ఉన్నది. జ్ఞాపకశక్తి కొంచెం తక్కువ గాని ఈ పనికి సరిపోతుంది. గ్రంథాలయాధికారిగారు పుస్తకాల పట్టీ ఇవ్వడానికి అంగీకరించారు. ఈ వేసవిలో మిగిలిన యంత్రాలను తుడిచేటప్పుడు ఆ ఒక్కదానిని విడిచిపెట్టవలసినదిగా ప్రయోగశాల సిబ్బందికి ఒక ఉత్తరువు ఇప్పించమని కమిటీవారిని కోరుతున్నాము. శనివారాలు మధ్యాహ్నం రెండు గంటలనుండి మేము వచ్చి కూర్చోగలము.